సాంకో లైను సంగతులు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో జపాన్‌లో మూసేసిన రైల్వే లైన్ల గురించి అడిగావు. రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే ఉత్తరం. తీరిగ్గా చదువు.

నాకు వాటన్నిటిలో సాంకో లైనంటే ప్రాణం. షిమానె తీరంలో గోట్సు అనే ఊరి నుంచి హిరోషిమా కొండల్లోని మియోషి దాకా, 108.1 కిలోమీటర్లు. చాలా దూరం గోనోకవా నదిని పట్టుకుని, అది ఎటు వంపు తిరిగితే అటే తిరిగేది. ఈ కొస నుంచి ఆ కొసకి మూడు గంటలు దాటిపోయేది. కొండల మీంచి రాళ్లు పడతాయని చాలాచోట్ల గంటకి 30 కిలోమీటర్లకి మించి పోనిచ్చేవారు కాదు.

అసలు కథ దాన్ని కట్టడంలో ఉందిరా. 1930లో గోట్సు వైపు మొదటి ముక్క తెరిచారు. 1937కి హమహరా దాకా వచ్చింది. ఆ తర్వాత యుద్ధం, పనులు ఆగాయి. మియోషి వైపు నుంచి 1955లో ఇంకో ముక్క తెరిచి, 1963కి కుచిబా చేర్చారు. మధ్యలో మిగిలిన 29.6 కిలోమీటర్లు కలిసింది 1975 ఆగస్టు 31న. అంటే 45 ఏళ్లు! ఈలోగా కుర్రాళ్లంతా పట్నాలకి వెళ్లిపోయారు, రోడ్లు పడ్డాయి, ఇంటింటికీ కారొచ్చింది. 1972 జులై వరదలు ఈ లోయని ముంచేశాయి కూడా. తాతలు ఎదురుచూసిన రైలు మనవళ్లు ఊరొదిలాక వచ్చిందన్నమాట.

ఆ చివరి ముక్కలోనే ఉజుయి స్టేషన్ ఉంది. అది చూస్తే నువ్వు వదలవు. పాత ముక్కల్లా నది వెంట కాకుండా, ఇక్కడ సొరంగాలు తవ్వి తిన్నగా వేశారు. రెండు సొరంగాల మధ్య లోయ మీద వంతెన, ఆ వంతెన మీదే ప్లాట్‌ఫారం, నేలకి 20 మీటర్ల ఎత్తున. పక్కనే కాంక్రీటు గోపురం, లోపల చుట్టూ తిరుగుతూ 116 మెట్లు. లిఫ్టు లేదు. కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు ముందు గుర్తొచ్చింది సంచీ మోసుకుంటూ ఎక్కే ముసలమ్మలే. ఊళ్లో మిగిలింది వాళ్లే మరి.

తర్వాతదంతా నీకు తెలిసిన దారే. ఒంటి పెట్టె డీజిల్ బండి, రోజుకి కొద్ది ట్రిప్పులు. 1987లో లైన్లో ఏ కిలోమీటరు తీసుకున్నా రోజుకి సగటున 458 మంది వెళ్లేవారు, 2014కి 50 మందే. 2013 వరదలో ఒక వంతెన దెబ్బతింటే బాగుచేసి మళ్లీ నడిపారు. అయినా 2018 మార్చి 31న ఆఖరి బండి వెళ్లిపోయింది. జనం లేరన్న లెక్క నిజమే, నేను కాదనను. కానీ నలభై అయిదేళ్ల ఆలస్యాన్ని కూడా ఆ లెక్కలో రాయాలి కదరా. కొస నుంచి కొసకి నడిచింది 43 ఏళ్లు కూడా నిండలేదు!

ఒకటి మరిచా. అక్కడి ఇవామి కగురా అనే నాట్యం మన వీధి భాగవతంలా రాత్రంతా ఆడతారట. ఆ ఆటల పేర్లు స్టేషన్లకి ముద్దుపేర్లుగా పెట్టి బోర్డులు కట్టారు.

ఇప్పుడు ఉజుయి, కుచిబా దగ్గర ఊరివాళ్లే చిన్న ట్రాలీ బండి నడుపుతున్నారు. రోజూ ఉండదు, తేదీలు ముందే చూసుకోవాలి. నీకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో రాయి, దాన్నిబట్టి నేను చూసిపెడతాను. చెల్లాయినీ పిల్లల్నీ కూడా తీసుకురా.

నీ
రవి