ఫొటో కింద నాలుగు మాటలు రాయించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇటుక బట్టీల దగ్గర పిల్లల ఫొటోలు పత్రికల్లో వస్తుంటాయి. కింద ‘బడికి దూరమైన బాల్యం’ అని ఒక్క ముక్క, అంతే. ఎన్ని గంటల పని, ఎంత కూలి అన్నది ఉండదు. రోజూ పిల్లల మధ్య ఉండే టీచర్‌గా నాకిది చాలా బాధగా ఉంటుంది.

అమెరికాలో లూయిస్ హైన్ కూడా టీచరే. న్యూయార్క్‌లో పాఠాలు చెబుతూ కెమెరా పట్టాడు. 1908లో ఆ ఉద్యోగం వదిలేసి జాతీయ బాల కార్మిక కమిటీ తరఫున మిల్లులు, గనులు తిరిగాడు. తన కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తో ముందే కొలిచి పెట్టుకుని, వాటిని బట్టి పిల్లల ఎత్తు లెక్కగట్టేవాడు. నార్త్ కరోలినా నూలు మిల్లులో ఒక పాప గురించి రాసుకున్నాడు: ఎత్తు 51 అంగుళాలు, రోజు కూలి 48 సెంట్లు, ఒక్కోసారి రాత్రి పని కూడా. వయసెంతని అడిగితే ముందు గుర్తులేదంది. తర్వాత మెల్లగా, పనిచేసే వయసు రాలేదు, అయినా చేస్తున్నానంది. ఇది చదివాక ఆ ఫొటో మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

పిల్లల పేర్లు, ముఖాలు బయటపెట్టొద్దు. కానీ పని గంటలు, కూలి, ఏ క్లాసులో బడి మానేశారో దయచేసి రాయించండి.

– ఒక హైస్కూలు టీచర్, తెనాలి