వార్షిక నివేదిక: రాకెట్‌ను ఎప్పుడు వంచాలన్న తగువు, దాని తీర్పు

సభ్యులందరికీ నమస్కారం.

విజయనగరంలో మన స్పేస్ గేమ్ సంఘం ఈ ఏడాది ఏం చేసిందని ఎవరైనా అడిగితే, ఒక తగువు పడిందని చెప్పాలి. పైకి లేచిన రాకెట్‌ను పక్కకి ఎప్పుడు వంచాలన్నదే ఆ తగువు. మిగతా కార్యక్రమాలూ జరిగాయి కానీ, ఈ నివేదికలో సగానికి పైగా దీనికే పోతోంది. మన్నించాలి.

కొత్త సభ్యుల కోసం నాలుగు మాటలు. మనం ఆడేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికోలోని స్క్వాడ్ కంపెనీ తయారుచేసింది. 2011లో మొదటిసారి బయటికొచ్చింది, 2015 ఏప్రిల్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. అందులో మనం ప్రయోగాలు చేసే గ్రహం కెర్బిన్. దాని వ్యాసార్థం 600 కిలోమీటర్లే అయినా నేల మీద గురుత్వాకర్షణ మాత్రం భూమి మీద ఉన్నంత. గాలి 70 కిలోమీటర్ల ఎత్తు దాకా ఉంటుంది. అది దాటి 80 కిలోమీటర్ల దగ్గర కక్ష్యలో తిరగాలంటే సెకనుకి దాదాపు 2,280 మీటర్ల వేగం కావాలి, అదీ అడ్డంగా. ఎత్తు ఎక్కడం తేలికే. ఎక్కాక కింద పడకుండా ఉండాలంటే పక్కకి పరిగెత్తాలి, ఇంధనంలో ఎక్కువ భాగం దానికే ఖర్చు.

రాకెట్ నిటారుగా ఎగిరినంతసేపూ గురుత్వాకర్షణ ప్రతి సెకనూ మన వేగంలోంచి 9.8 మీటర్లు కమీషన్ కొట్టేస్తుంది. పోనీ ముందే వంచేద్దామంటే కింది గాలి చిక్కన, అది వేగాన్ని లాగేస్తుంది, రాకెట్ వేడెక్కిపోతుంది. ఈ రెండు నష్టాల మధ్య దారి వెతకడాన్నే గ్రావిటీ టర్న్ అంటున్నాం.

మన కోశాధికారి గారిది (సంఘంలో అందరికీ బాబాయే) ఒకటే మాట. "పది కిలోమీటర్ల దాకా నిటారుగా పోనీ, అప్పుడు 45 డిగ్రీలకి వంచు." ఇది ఆయన కల్పించింది కాదు. 1.0 రాకముందు ఆడినవాళ్లందరూ అలాగే ఆడారు. అప్పట్లో గేమ్‌లో గాలి గంజిలా ఉండేది. ముక్కు మొనదేలినా మొద్దుగా ఉన్నా తేడా లేదు, బరువుని బట్టి గాలి లాగేది. కక్ష్య చేరడానికి, దారిలో పోయే నష్టాలతో కలిపి, సెకనుకి 4,500 మీటర్ల వేగం దాకా బడ్జెట్ వేసుకునేవాళ్లు. 1.0తో గాలి లెక్క మారింది, ఇప్పుడు 3,400 ఉంటే చాలు. లెక్క మారినా సూత్రం మాత్రం నోళ్లలో మిగిలిపోయింది.

మాటలతో తేలేలా లేదని ఒక ఆదివారం పక్కపక్కన రెండు కంప్యూటర్లు పెట్టి, ఒకే రాకెట్‌తో పందెం వేశాం. ఒకదాని ముందు బాబాయ్, రెండోదాని ముందు డిగ్రీ చదువుతున్న మన సభ్యురాలు. ఆ అమ్మాయి సెకనుకి 60 మీటర్ల వేగం రాగానే 'డి' మీట నొక్కి రాకెట్‌ను తూర్పుకి ఐదు డిగ్రీలు వంచింది. తూర్పుకే ఎందుకంటే, కెర్బిన్ అటే తిరుగుతోంది కాబట్టి సెకనుకి 175 మీటర్లు ఊరికే కలిసొస్తాయి. తర్వాత ముక్కు ప్రయాణ దిశనే పట్టుకునేలా పెట్టి, కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఇక వంచే పని గురుత్వాకర్షణదే.

"బాబాయ్, నాది అప్పుడే ఒరిగిపోతోంది, మీదింకా తాటిచెట్టులా నిలబడే ఉంది" అంది.

"ఉండమ్మా, పది రానీ."

పది వచ్చింది. బాబాయ్ ఒక్కసారిగా 45కి తిప్పారు. అప్పటికి ధ్వని వేగం దాటేసిన రాకెట్‌కి గాలి పక్కనుంచి తగిలింది. ముక్కు వెనక్కి తిరిగింది, రెండు పల్టీలు కొట్టింది, కింది ట్యాంకు ఊడిపోయింది. తెర మూలలో వ్యోమగామి గుడ్లు తేలేసి పళ్లు గిట్టకరిచాడు. అమ్మాయి రాకెట్ అదే ఎత్తులో 45 డిగ్రీలకి దగ్గరగా తనంతట తనే వచ్చింది. దారిలో అన్నిటికన్నా ఎత్తు బిందువు 80 కిలోమీటర్లకి చేరాక ఇంజిన్ ఆపింది, అక్కడికి చేరాక మళ్లీ వెలిగించింది. కక్ష్యలో కూర్చున్నాక కూడా ట్యాంకులో ఇంధనం మిగిలింది.

అయితే బాబాయ్‌ది పూర్తిగా తప్పని రాయడం అన్యాయం. మరుసటి వారం బరువైన రాకెట్‌ను అదే 60, అదే ఐదు డిగ్రీలతో పంపితే తూర్పు సముద్రంలో పడింది. ఇంజిన్ తోపు (అది తోసే బలం) బరువుకి 1.2 రెట్లే ఉంది మరి, వేగం పుంజుకునేలోపే ఒరిగిపోయింది. తోపు రెట్టింపుకి దగ్గరగా ఉంటే త్వరగా వంచాలి, తక్కువుంటే ఆగి, కొంచెమే వంచాలి. సంఖ్య బట్టీ పట్టేవాళ్లతో నాకెప్పుడూ పేచీయే. సెకనుకి 50 నుంచి 100 మీటర్ల వేగం మధ్య వంచడం మొదలుపెట్టి, ఎత్తు బిందువు చేరడానికి ఇంకెంత సమయముందో చూసుకుంటూ ఉండండి. అది నిమిషం దగ్గరగా ఉంటే ఫరవాలేదు. మొదట్లోనే పడిపోతోందంటే మరీ ఒరిగినట్టే.

పైడితల్లమ్మ పండగకి సమావేశం పెట్టలేదు. కోట దగ్గర గుంపులో నిలబడి సిరిమాను (కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) చూస్తుంటే బాబాయ్ నా చెవిలో "ఇదీ నిదానంగానే వంచుతారోయ్" అన్నారు. ఒప్పుకున్నట్టేనని మినిట్స్‌లో రాశాం.

శ్రీహరికోట మీద ఒక ప్రసంగం జరిగింది. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నేరుగా దక్షిణానికి పోలేదు, శ్రీలంక అడ్డం. ముందు ఆగ్నేయంగా వెళ్లి తర్వాత మలుపు తీసుకుంటుంది, ఆ మలుపుకి మోసే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకి తమిళనాడులో కులశేఖరపట్నం ఎంచుకోడానికి ఇదో కారణం. ఒక కుర్రాడు గేమ్‌లోని 3,400 చాలదా అని అడిగాడు. భూమి కక్ష్యకి 9,000 దాటాలి బాబూ అని చెప్పాల్సి వచ్చింది.

రిపేరుకిచ్చిన ఒక కంప్యూటర్ మూడు వారాలు షాపులోనే ఉండిపోయింది. వచ్చాక చూస్తే ఫ్యాన్ మార్చలేదు, బిల్లు మాత్రం వేశారు. ఈసారి వేరే చోట ఇస్తాం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, బాబాయ్ సంతకం ఉంది.

వచ్చే ఏడాది కెర్బిన్ చందమామ మున్ మీద దిగాలని తీర్మానించాం. ప్లాస్టిక్ కుర్చీలు పట్టుకెళ్లినవాళ్లు ఈ లోపు తిరిగి తెచ్చివ్వాలి.

ఇట్లు,
కార్యదర్శి