కాలనీ నివాసుల సంక్షేమ సంఘం, తిరుపతి: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సమావేశానికి వచ్చిన సభ్యులకు, రాకపోయినా రేపు ఈ నివేదిక ఫోన్లో పంపమని అడగబోయే సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను. బోరు మోటారు కాలిపోతే రీవైండింగ్ చేయించాం. గంగమ్మ జాతర రోజుల్లో వీధి దీపాలు, వినాయక చవితి పందిరి, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. బ్రహ్మోత్సవాల్లో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, బయటి బండ్లు మన గేట్లకు అడ్డంగా నిలపకుండా తాడు కట్టి కాపలా కాసిన కుర్రాళ్లకు ధన్యవాదాలు. అందరూ ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలే. పేరు ఇచ్చిన పెద్దలు ఒక్కరూ రాలేదన్న సంగతి కూడా మినిట్స్‌లో ఉంది.

ఇక ఈ ఏడాది అసలు పని, పార్కు వీధి కంచె.

దేవదారు కంచె

2021 నవంబరు వానను ఎవరూ మరచిపోయి ఉండరు. కపిలతీర్థం ఉప్పొంగినప్పుడు కొండ నీళ్లు మన వీధిలోకి దిగి, ఇటుక ప్రహరీల వెనక నిలబడి, చివరికి ఆ ప్రహరీలనే తోసుకుని పోయాయి. ఆ తర్వాత పార్కు ఎదుటి ఇళ్లవాళ్లు ఒకరు రేకులు, ఒకరు ముళ్లతీగ, ఒకరు పాత తలుపులు అడ్డం పెట్టుకుని కాలం నెట్టుకొచ్చారు. మళ్లీ గోడ కడితే మళ్లీ అదే కథ. నీళ్లకూ గాలికీ సందు వదిలే చెక్క కంచె వేద్దామని, అన్ని ఇళ్లకూ ఒకే తీరున ఉండాలని, సరుకు కలిసి కొంటే బేరం కుదురుతుందని 2024 ఏప్రిల్ సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేశాం. ఏ ఇంటి ఖర్చు ఆ ఇంటివారిది. చెక్క ఎంపిక, బేరం, మేస్త్రి దగ్గర నిలబడి పని చేయించడం సంఘం వంతు.

ఏ చెక్క అన్న దగ్గరే చాలా రోజులు నలిగింది. సర్వి కట్టెలు చవక, నెల్లూరు తీరం నుంచి ఎన్నైనా వస్తాయి. కానీ మట్టిలో పాతిన సర్వి ఎన్నాళ్లు నిలుస్తుందో పందిళ్లు వేసేవాళ్లనడిగితే చెబుతారు. టేకు మంచిదే, ధర వినగానే ఆ ప్రస్తావన తెచ్చినవారే విరమించుకున్నారు. ఒక సభ్యులు, వారి పేరు రాయను, పూర్వం పల్లెల్లో పశువుల కొట్టాలకు ఎర్రచందనం కూసాలే వాడేవారు కదా, మనమూ నాలుగు తెప్పించుకుంటే పోలా అన్నారు. శేషాచలం పక్కన ఉండి అనవలసిన మాటేనా? పర్మిట్ లేని ఎర్రచందనం కూసం ఇంటి ముందు పాతితే కంచె ఇంటికి కాదు, మనకే పడుతుంది.

చివరికి దేవదారు అనుకున్నాక కొత్త చిక్కు వచ్చింది. టింబర్ డిపోల్లో, దేవదారుకు ఇంగ్లీషు పేరైన సీడర్ అని అడిగితే మూడు రకాలు చూపించారు. ఒకటి హిమాలయాల్లో సుమారు 1500 నుంచి 3200 మీటర్ల ఎత్తున పెరిగే అసలు దేవదారు. కశ్మీర్‌లో పడవ ఇళ్లు కట్టింది దీనితోనే, బ్రిటిష్ వాళ్ల కాలంలో రైలు పట్టాల కింద స్లీపర్లుగా పరిచిందీ దీన్నే. రెండోది కెనడా పడమటి తీరం నుంచి ఓడలో వచ్చే వెస్టర్న్ రెడ్ సీడర్. శాస్త్రం ప్రకారం ఇది దేవదారు జాతిది కాదు, థూజా జాతిది, అయినా వాడుకలో దీన్నీ దేవదారనే అంటున్నాం. మూడోది నందివృక్షం, దాన్నీ కొందరు రెడ్ సీడరనే అమ్ముతున్నారు. రంగు చూసి కొన్నామంటే మోసపోయేవాళ్లమే. బిల్లు మీద జాతి పేరు రాస్తేనే అడ్వాన్సు ఇవ్వాలని పట్టుబట్టి, ప్రతి డిపోకూ మాతో తిరిగిన రిటైర్డ్ బోటనీ లెక్చరర్ గారికి సంఘం ఋణపడి ఉంటుంది.

ఎక్కువ ఇళ్లవాళ్లు వెస్టర్న్ రెడ్ సీడర్ తీసుకున్నారు. కారణం ఎండావానలే. మన ఊళ్లో మే నెలలో 42 డిగ్రీలు దాటుతుంది, ఈశాన్య రుతుపవనాలు వస్తే వారాల తరబడి తేమ ఆరదు. తేమకు ఉబ్బడం, ఎండకు కుంచించుకుపోవడం తక్కువగా ఉండే చెక్కల్లో ఇదొకటి. ఘనపు మీటరు 370 కిలోల దాకా తూగుతుంది, అంటే టేకులో సగం కన్నా కొంచెం ఎక్కువ, కాబట్టి కూసాల మీద బరువు పడదు. చేవలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, థూజాప్లిసిన్ అనే పదార్థాలు ఉండి బూజునూ కుళ్లునూ అడ్డుకుంటాయి. ఆ గుణం చేవకే కానీ అంచున ఉండే తెల్లచెక్కకు లేదు. అందుకే వచ్చిన లోడులో తెల్ల అంచు ఉన్న పలకలన్నీ ఏరి వెనక్కి పంపాం. డిపో వారు గొణిగారు, గొణగనీ. రెండు ఇళ్లవాళ్లు హిమాలయ దేవదారే కావాలన్నారు. అది గట్టిది, బరువైనది, కానీ ముడుల దగ్గర జిగురు కారుతుంది. మే ఎండకు ఆ జిగురు కరిగి పిల్లల చేతులకు అంటుకుంటోందని ఇప్పుడు ఫిర్యాదు. ముందే చెప్పాం.

కూసాలు మాత్రం చెక్కవి వద్దన్నాం. ఏ చెక్క కంచె అయినా మొదట పోయేది మట్టిని తాకిన చోటే. చిత్తూరు జిల్లాలో పుట్టి రాతి కూసం వదిలి చెక్క కూసం పాతడం ఏమిటని మేస్త్రి గారే అన్నారు. ఆరడుగులకొక రాతి కూసం, రెండున్నర అడుగుల లోతు, అడుగున కంకర, పైన కాంక్రీటు. రాతికి డ్రిల్లు వేసి యాంకర్ బోల్టులతో అడ్డపట్టీలు, వాటి మీద నిలువు పలకలు, నేలకూ పలకకూ మధ్య రెండంగుళాల ఖాళీ. ఆ ఖాళీలోంచి పిల్లులు వస్తాయని ఒకరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చారు. పిల్లులు గోడ ఉన్నప్పుడూ వచ్చేవి.

మొదటి రోజు పలక కోస్తున్నప్పుడు మేస్త్రి గారు రంపం ఆపి వాసన చూసి, "సార్, పెన్సిల్ చెక్కినట్టుందే" అన్నారు. వీధంతా ఆ వాసనే. అంతలో ఆయన కుర్రాడికి ఆగని దగ్గు పట్టుకుంది. ఈ పొట్టులో ఉండే ప్లికాటిక్ ఆమ్లం కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఆ మధ్యాహ్నం నుంచి కోత పార్కు అవతలి మూలకు మార్చి, మాస్కు లేనిదే ఎవరినీ రంపం దగ్గరికి రానివ్వలేదు. ఇంట్లో సొంతంగా గరుకు కాగితం పట్టేవారూ ఇది గుర్తుంచుకోవాలి.

మేకుల విషయం మరీ మరీ చెప్పాం. స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, వేడి జింకులో ముంచి తీసినవి గానీ తప్ప మామూలు ఇనుప మేకులు వాడకూడదని, పలక చివర మేకు కొట్టే ముందు సన్నగా డ్రిల్లు వేయాలని నోటీసు బోర్డులో పెట్టాం. అయినా ఒక ఇంటివారు, సంఘం సరుకు ఖరీదని, బయట హార్డ్‌వేర్ షాపులో కిలో లెక్కన మేకులు కొనుక్కొచ్చారు. అక్టోబరు వానకు ప్రతి మేకు తల కింద నుంచీ జానెడు నల్లటి చార, కాటుక కారినట్టు. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిస్తే అంతే. తర్వాత మేకులన్నీ పీకించి, ఆక్సాలిక్ ఆమ్లం నీళ్లలో కలిపి, చేతులకు గ్లౌజులు వేసుకుని కడిగితే చాలావరకు పోయింది. పీకిన కూలీతో లెక్కేస్తే స్టెయిన్‌లెస్ మేకులు రెండుసార్లు కొనుక్కోవచ్చు.

2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను వచ్చింది. ఈసారి నీళ్లు పలకల కిందుగా, సందుల గుండా పార్కులోకి జారిపోయాయి. ఒక్క కూసం వంగలేదు, ఒక్క పలక ఊడలేదు. వాన తగ్గాక ఆ వీధిలో నడుచుకుంటూ వెళ్లి చూసిన ప్రతి సభ్యుడూ కార్యవర్గాన్ని మెచ్చుకున్నారు. ఏప్రిల్‌లో తీర్మానానికి వ్యతిరేకంగా చెయ్యెత్తినవారు కూడా. వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

నూనె పట్టించిన ఆదివారం

దేవదారు అంటే ఇక చూడక్కర్లేదనుకోవడం పొరపాటు. కుళ్లు త్వరగా పట్టదు నిజమే, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ రంగు నచ్చితే వదిలేయవచ్చు, కంచె కూలిపోదు. కొత్త రంగే ఉండాలంటే రంగు పొడి కలిసిన నూనె పట్టాలి. అలాంటిది మన ఎండకు రెండేళ్లు ఆగితే గొప్ప. రంగు లేని నూనె ఏడాది కూడా నిలవదు. మందపాటి ఎనామిల్ పెయింటు వేస్తామన్నవారిని ఆపాం, అది పొట్టు లేస్తే గీకలేక చావాలి.

ఫిబ్రవరిలో, ఎండ ముదరకముందే, వీధి అంతా కలిసి నూనె పట్టిద్దామని గ్రూపులో పెట్టాం. బొటనవేళ్ల గుర్తులు వరసగా వచ్చాయి. ఆదివారం ఉదయం బ్రష్షు పట్టుకుని నిలబడినవాళ్లు కార్యవర్గం, పార్కులో వాకింగ్‌కు వచ్చే ముగ్గురు పెద్దవాళ్లు, అంతే. మిగతావారికి ఆ రోజు పెళ్లిళ్లు ఉన్నాయట. మాఘమాసం కాబట్టి కొంతమందిని నమ్ముతున్నాను. చెక్క మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, ఇంకితేనే నూనె పట్టాం. పూసలా నిలబడితే ఇంకా ఆరాలని అర్థం. కోసిన చివరలకు రెండు పట్లు, ఎందుకంటే తేమ తాగేది అక్కడే. ఎండ ఎక్కేలోగా ఆపేసి, మిగతాది సాయంత్రం. వేడెక్కిన పలక మీద నూనె లోపలికి పోకముందే పైన తొడుగు కట్టేస్తుంది. పెసరట్లు, కాఫీ పంపిన ఇంటివారికి, వారు బ్రష్షు పట్టకపోయినా, ధన్యవాదాలు.

ఆ సాయంత్రం జరిగింది అందరికీ తెలియాలి. నూనె తుడిచిన గుడ్డలు సంపు పక్కన ఉండచుట్టి పడేశారు. చీకటి పడే వేళకు ఆ కుప్పలోంచి పొగ. అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడికి దారి లేక అదే అంటుకుంటుంది. వాచ్‌మన్ చూసి బకెట్ నీళ్లు కుమ్మరించాడు కాబట్టి సరిపోయింది. సంఘం తరఫున అతనికి కొత్త రెయిన్‌కోటు ఇచ్చాం. ఇకమీదట ఆ గుడ్డలు నీళ్ల డబ్బాలో వేయాలి, లేదా విడివిడిగా తీగ మీద ఆరేయాలి.

మరికొన్ని మాటలు. పలకలకు ఆనించి మల్లెతీగలు, బోగన్‌విల్లియా పాకిస్తున్నారు. ఆకుల కింద తేమ ఆరదు, ఓ జానెడు దూరంగా పందిరి కట్టుకోండి. మొక్కలకు పైపుతో నీళ్లు పడుతూ రోజూ కంచెను కూడా తడపకండి. పచ్చగా నాచు కనిపిస్తే కార్ వాష్ మెషీన్ పెట్టి కొట్టకండి, మెత్తటి చెక్క పీచులు లేస్తుంది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. చెదలు దేవదారును అంతగా ఇష్టపడవు కానీ మొహం తిప్పుకునీ పోవు. రాతి కూసం మీద సన్నటి మట్టి గొట్టం కనిపిస్తే గీకేసి కార్యవర్గానికి చెప్పండి, మందు కొట్టిస్తాం.

అధికారుల సంగతి

పైపులైను కోసమని జనవరిలో వీధి తవ్వినవారు తవ్విన మట్టి మొత్తం మన కంచెకు ఆనించి పోశారు. రెండంగుళాల ఖాళీ ఎందుకు వదిలామో, ఆ ఉద్దేశమే ఆ మట్టి కింద సమాధి అయింది. ఎత్తించమని అర్జీలు ఇచ్చాం, రసీదులు ఫైల్లో ఉన్నాయి. ఒక అధికారి, "చెక్కే కదండీ, ఏమవుతుంది" అన్నారు. చివరికి మనమే ట్రాక్టరు మాట్లాడి ఎత్తించాం. కిందివైపు మరక పట్టిన పలకల ఫోటోలు ఆయన ఫోనుకు పంపాం, చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి.

లెక్కలు

ఆడిట్ అయింది. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది, కోశాధికారి గారి దగ్గర ప్రతులున్నాయి. కంచె సరుకు మీద 18 శాతం జీఎస్టీ ఎందుకని అడిగేవారు బిల్లులు చూడవచ్చు. మెయింటెనెన్స్ బకాయిదారుల పేర్లు చదవవద్దని అధ్యక్షులు కోరారు కాబట్టి చదవడం లేదు.

వచ్చే ఏడాది

రెండో వీధివారు తమకూ ఇదే కంచె కావాలని అర్జీ ఇచ్చారు. సంతోషం. ఈసారి డిపోల చుట్టూ తిరిగే పని ఆ వీధివారే చూడాలని, కార్యవర్గం సలహా మాత్రమే ఇస్తుందని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి అందరి కంచెలూ తనిఖీ చేసి వదులైన బోల్టులు బిగించాలి. అందుకు ప్రతి ఇంటి నుంచి ఒకరు పేరు ఇవ్వాలి. పేరు ఇచ్చే కాగితం టీ బల్ల మీద ఉంది, టీ తీసుకునే ముందు సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి