లిస్బన్ తెలుగువారి సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం నుంచి నేటి వరకు కార్యవర్గం చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే ఘనంగా జరిగాయి. తంగేడు దొరక్కపోయినా చామంతులతోనే బతుకమ్మను నిండుగా పేర్చిన అక్కాచెల్లెళ్ళకు, ఆదివారం తెలుగు బడిని ఆగకుండా నడిపిన ఉపాధ్యాయులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ వివరాలు మీకు తెలిసినవే.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది లిస్బన్ దగ్గరి కొండ ఊరు సింత్రాకు చేసిన యాత్ర. "కోటలు చూడ్డానికి సంఘం ఎందుకు, ఎవరికి వారు వెళ్ళొచ్చు కదా" అని పోయిన సమావేశంలో కొందరన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రొసియు స్టేషన్ నుంచి రైల్లో ముప్పావు గంట లోపే సింత్రా. అయినా మనలో చాలామంది ఏళ్ళ తరబడి ఇక్కడుంటూ అటు వెళ్ళనే లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఆ కొండ ఎలా ఎక్కించాలన్నదే అందరి టెన్షన్. కాబట్టి రెండు జట్లయ్యాం. ఎక్కగలిగినవాళ్ళు 434 నంబరు బస్సులో పైకి వెళ్ళారు, పెద్దవాళ్ళు ఊళ్ళోనే ఉన్న జాతీయ ప్రాసాదం చూశారు.

ఈ ప్రాసాదం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే కొండమీది పెన ప్యాలెస్ ఫొటోల హడావిడిలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. దూరం నుంచే కనిపించే ఆ రెండు తెల్లటి శంఖువులు వంటింటి పొగగొట్టాలు, ఎత్తు 33 మీటర్లు. మన అమ్మలు అందరికంటే ఎక్కువసేపు ఆ వంటింట్లోనే గడిపారు. పైన ఒక గదిలో పోర్చుగల్ రాజు ఆరవ అఫోన్సును సొంత తమ్ముడే బందీగా ఉంచాడు. 1683లో ఆయన అక్కడే కన్నుమూశాడు. ఆ గదిలో అరిగిపోయిన నేల పలకలను చూపించి, రాజు అటూ ఇటూ నడిచి నడిచి అరిగాయని చెబుతారు. ఆ మాట విన్నాక మన పెద్దవాళ్ళు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పైకి వెళ్ళినవాళ్ళు మొదట మూర్ల (ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ ఏలిన ముస్లింల) కోట గోడలెక్కారు. 1147లో లిస్బన్ మూర్ల చేజారగానే ఈ కోట పోరాటం లేకుండా పోర్చుగల్ తొలి రాజు అఫోన్సు హెన్రికిష్ వశమైంది. ఆ తరువాత పెన. 1755 భూకంపంలో దెబ్బతిన్న పాత మఠాన్ని 1838లో మరియా రాణి భర్త రెండో ఫెర్నాందు కొని, ఎష్వెగె అనే జర్మన్ గనుల ఇంజనీరు చేత దాని పక్కనే ప్యాలెస్ కట్టించాడు. ఎర్రరంగు భాగం పాత మఠం, పసుపురంగు భాగం కొత్త కట్టడం. ఈ సంగతి మన తెలుగు బడి పిల్లలే ముందుగా చదువుకుని వచ్చి అందరికీ చెప్పారు. వాళ్ళను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మధ్యాహ్నం ఊళ్ళో పార్కులో పులిహోర, దద్దోజనం తిని, అందరం కలిసి మొన్సెరాట్ వెళ్ళాం. ఫ్రాన్సిస్ కుక్ అనే ఇంగ్లిష్ బట్టల వ్యాపారి కట్టించిన ఆ భవనం నిండా మన దేశపు అలంకరణల ఛాయలే. తోటలో, 1857 తిరుగుబాటు తరువాత భారతదేశం నుంచి వచ్చిన తోరణం ఒకటి ఉంది.

ఆ దారిలోనే పెన్యా వెర్డె అనే పాత తోట ఉంది. 16వ శతాబ్దంలో గోవాలో వైస్రాయిగా చేసిన జువావ్ ద కాస్త్రోది. సోమనాథ్ నుంచి సముద్రం దాటి వచ్చిన ఒక సంస్కృత శాసనం ఆ తోటకు చేరింది. 1287 నాటిది, గుజరాత్ రాజు సారంగదేవుడి కాలం. చరిత్రకారులు దాన్ని సింత్రా ప్రశస్తి అనే పిలుస్తారు. త్రిపురాంతకుడనే పాశుపత యోగి కేదారం, ప్రయాగ, శ్రీపర్వతం, గోదావరి ఒడ్డున త్ర్యంబకం, రామేశ్వరం తిరిగి ప్రభాసానికి, అంటే సోమనాథ్‌కు, చేరాడని అందులో ఉంది. శ్రీపర్వతమంటే మన శ్రీశైలం! మన సభ్యులొకరి నాన్నగారు, రిటైరైన సంస్కృతం మాస్టారు, రోడ్డు పక్కన నిలబడి ఇది వివరిస్తుంటే కొందరి కళ్ళు చెమర్చాయి. మన ఊరి కొండ పేరు చెక్కిన రాయి ఈ కొండకు వచ్చిందని ఇక్కడున్న తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసు? సంఘం ఎందుకని అడిగినవారికి ఇదే నా జవాబు.

ఆ తోట ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్ళలేకపోయాం. శాసనాన్ని చూసే వీలు కల్పించమని సంబంధిత కార్యాలయానికి ముందే ఉత్తరాలు రాశాం. ఒక చోట నుంచి ఇంకో చోటికి పంపించారే తప్ప అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. ఇది చాలా బాధ కలిగించింది. ఈ ప్రయత్నం కొత్త కార్యవర్గం వదిలిపెట్టకూడదని నా గట్టి విన్నపం.

ఇంకో బాధ కూడా చెప్పక తప్పదు. వాలంటీర్లుగా వాట్సాప్‌లో పేర్లిచ్చినవాళ్ళలో సగం మంది ఆ రోజు స్టేషన్‌కే రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. పెన లోపలికి టికెట్ మీద వేసిన సమయానికే వెళ్ళాలి. రానివాళ్ళ టికెట్ల డబ్బు తిరిగి రాలేదు, ఆ నష్టం సంఘమే భరించింది. పెద్దవాళ్ళ చేయి పట్టుకుని మెట్లు ఎక్కించింది, అన్నం గిన్నెలు మోసింది, చివరి రైలు దాకా లెక్కపెట్టుకుని అందరినీ ఇళ్ళకు చేర్చింది ఎప్పుడూ కనిపించే ఆ నలుగురే. వాళ్ళకు, తెల్లవారుజామునే లేచి వంట చేసిన కుటుంబాలకు, పోర్చుగీసులో మాట సాయం చేసిన మన విద్యార్థులకు వేల వేల ధన్యవాదాలు.

ఆదాయ వ్యయాల పట్టికను కోశాధికారి సభలో పంచుతారు. పై నష్టం మినహా చెప్పుకోదగ్గ లోటు లేదు. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

వచ్చే ఏడు సింత్రాలోనే రెగలెయిర తోట, అక్కడి మెట్ల బావి చూడాలని ప్రతిపాదన ఉంది. ఈసారి టికెట్ డబ్బు ముందే కట్టినవారి పేర్లే రాసుకుంటాం. వాలంటీర్లుగా నిజంగా రాగలిగినవారు సభ ముగియగానే నా దగ్గర పేరు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి