ఒక్క ఏనుగే, రెండుసార్లు

సాలిగ్రామం, చెన్నై

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వానలో తడిసి వచ్చింది. నీ చేతిరాత ఎండాకాలంలోనే అర్థం కాదు, ఇక నవంబరులో చెప్పాలా! సగం అక్షరాలు పక్కవాటి మీదికి పాకాయి. ఒక్క వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు: ‘‘ఇతరుల బొమ్మలు చూస్తే నాకు చెయ్యి ఆడటం లేదు, అందుకే చూడటం మానేశాను.’’ ఆ వాక్యం కూడా తడిసిపోయి ఉంటే నీకు ఇంత పెద్ద ఉత్తరం చదివే శ్రమ తప్పేది.

ఇక్కడ నా పరిస్థితి ఏమీ గొప్పగా లేదు. పది రోజుల క్రితం వేసిన ఆకాశం ఇంకా వేలికి అంటుతోంది. కాన్వాసు వెనక బూజు. మీ చెల్లెలు రంగుల వాసన భరించలేక నన్ను వరండాలోకి తరిమింది. అయినా పని సాగుతూనే ఉంది, అదీ ఊళ్ళో వాళ్ళందరి బొమ్మలూ చూస్తూనే.

నీ భయం నాకు తెలియనిది కాదు. నేను మూడేళ్ళ పాటు బాపు గీతను పట్టుకుని వేలాడిన సంగతి నీకు తెలుసుగా? జడ, కళ్ళు, నడుము వంపు, అన్నీ ఆయనవే. సంతకం ఒక్కటే నాది. అప్పట్లో ఒక వారపత్రిక ఎడిటరు గారికి బొమ్మలు తీసుకెళ్తే, ఆయన ఒకసారి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘‘బాపు గారు కులాసాగా ఉన్నారా బాబూ?’’ అని అడిగారు. అంతే. కోడంబాక్కం దాకా నడిచి వచ్చాను. బస్సు ఎక్కితే కండక్టరు కూడా అదే అడుగుతాడేమో అని భయం!

ఆ తర్వాత ఏడాది పాటు నీలాగే నేనూ కళ్ళు మూసుకున్నాను. ఎవరి బొమ్మా చూడలేదు. ఏమి జరిగిందో చెప్పనా? నన్ను నేనే కాపీ కొట్టుకోవడం మొదలుపెట్టాను. అదే కొబ్బరిచెట్టు, అదే పడవ, అదే నారింజ రంగు సాయంత్రం. బాపును కాపీ కొట్టినప్పుడు కనీసం గీత బాగుండేది.

తప్పు చూడటంలో లేదు, నేను చూసిన తీరులో ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆయన గీత ఎక్కడ ఆగిందో చూశాను కానీ ఎందుకు ఆగిందో చూడలేదు. ఇప్పుడు మళ్ళీ తీసి చూస్తే, చెంప గీతను గడ్డం దాకా తేకుండా దారిలోనే వదిలేసిన బొమ్మలు కనిపిస్తాయి. మిగతాది మన కన్ను గీసుకుంటుంది. నేను ఆ వదిలేసిన చోటును కూడా యథాతథంగా దించాను. వదిలెయ్యడం అన్నది ఆయన నిర్ణయమని, నా బొమ్మలో అది ఇంకెక్కడో రావాలని తట్టలేదు.

అందుకని ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాను. పొద్దున కాఫీతో పాటు ఒక బొమ్మ. ఎవరిదైనా సరే. దాన్ని చూసి నోటుబుక్కులో ఒకే ఒక ప్రశ్న రాసుకుంటాను. మెప్పు, విమర్శ, ఏవీ ఉండవు. మొన్న పాత చందమామ అట్ట తీశాను, వడ్డాది పాపయ్య గారిది. ‘ఎరుపు పక్కనే ఆకుపచ్చ పెట్టినా ఎందుకు కొట్టుకోవడం లేదు?’ అని రాసుకున్నాను. సాయంత్రం నా ఎరుపులో పిసరంత అదే ఆకుపచ్చ కలిపి చూశాను. ఎరుపు కాస్త తల వంచింది. వపా గారు చేసింది అదేనా కాదా నాకు అనవసరం. నాకు ఒక సాయంత్రం పని దొరికింది.

ఈ పద్ధతి నాకు నిజానికి నేర్పింది మన సినిమా బ్యానర్ల మేస్త్రీయే. నీకు ఆయన గుర్తున్నాడా? నువ్వు సెలవుల్లో వచ్చినప్పుడు నీ తెల్లచొక్కా మీద ఊదారంగు చిలకరించినవాడు. మాకు ఇచ్చే స్టిల్సు చాలావరకు నలుపు తెలుపువే. గళ్ళు గీసి, ఆ చిన్న ఫోటోను ఇరవై అడుగులకు పెంచాలి. గీతల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవి మెలిపెట్టేవాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి ఫోటోను తిప్పి పడేసేవాడు. హీరో చెంప మీద నీలం నీడ, ముక్కు పక్కన ఆకుపచ్చ! ‘‘ఎదురుగా నిలబడేవాడికి కాదురా, బస్సులో పోయేవాడికి వెయ్యి’’ అనేవాడు. ఫ్లెక్సులు వచ్చి ఆ షెడ్డు మూతపడింది, ఇప్పుడక్కడ టైల్సు అమ్ముతున్నారు.

వాన్ గో చేసిందీ అదే పని అని తెలిసినప్పుడు నాకు మేస్త్రీయే గుర్తొచ్చాడు. 1889లో ఫ్రాన్సులోని సాన్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉంటూ, బయట తిరిగి వేసే వీలు లేనప్పుడు, ఆయన తనకు ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే బొమ్మల అచ్చులు ముందు పెట్టుకున్నాడు. అవీ నలుపు తెలుపే. పంట కోసేవాళ్ళు, గడ్డివాము నీడలో కునుకు తీసేవాళ్ళు. గీత మిల్లేది, పసుపూ నీలమూ తనవి. అలా ఇరవై దాకా వేశాడు. ఒకరు కట్టిన సంగీతాన్ని ఇంకొకరు వాయించడం లాంటిదే ఇది అని తమ్ముడికి రాశాడు. మనకు ఇందులో వింత ఏముంది? వచ్చే నెల మార్గళి కచేరీలు మొదలైతే మైలాపూరులో త్యాగరాజ కృతి పాడిన ప్రతివాళ్ళనూ ‘సొంతంగా ఒకటి కట్టుకోవచ్చు కదా’ అని ఎవరూ అడగరు. బొమ్మ దగ్గరే మనకు ఈ రోషం.

అన్నట్టు మొన్న ఈంజంబాక్కం వెళ్ళాను, చోళమండలానికి. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ తన సహచరులతోనూ శిష్యులతోనూ మొదలుపెట్టిన కళాకారుల ఊరు అది. మైనం పూసి రంగులద్దే బాతిక్ గుడ్డలు అమ్మి నిలదొక్కుకున్నారట. ఆ పణిక్కర్ గురువు ఎవరనుకున్నావు? మెరీనాలో బండరాయిని కదిలించే నలుగురు శ్రామికుల విగ్రహం చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి. గురువుగారివి ఉబ్బిన నరాలు, బిగిసిన కండలు. శిష్యుడి ‘పదాలు, చిహ్నాలు’ వరుసలో ఏ లిపికీ చెందని అక్షరాలు, జాతకచక్రాల్లాంటి గళ్ళు. రెంటికీ పోలికే లేదు. గురువును చూడకపోతే వచ్చిన తేడా కాదది.

అసలు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గర ఈ నెలలో నాలుగుసార్లు నిలబడ్డాను. మన గుంటూరు వైపు రాయి, మద్రాసులో చూడాలి! 1845లో ఎలియట్ దొర తవ్వించినవాటిలో చాలా భాగం లండనుకు పోయింది, ఇక్కడ మిగిలినవి మన అదృష్టం. అందులో బుద్ధుడి మీదికి ఉసిగొలిపిన నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి ఫలకం ఒకటి. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలోకి దూసుకొచ్చి తొండంతో మనిషిని పట్టింది. మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. జనం ఒక్కరే, వీధి ఒక్కటే. మేడ మీదివాళ్ళు తొంగి చూస్తూనే ఉన్నారు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటి శిల్పి కాలాన్ని చాపలా పరిచేశాడు.

నోటుబుక్కులో రాసుకున్నాను: ‘రెండు క్షణాల మధ్య గీత లేకుండా కన్ను ఎలా దాటింది?’

జవాబు కోసం మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయనను పట్టుకున్నాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇంకా వాడుతున్నాడు. మూత తెరిచి ఊదినప్పుడు నిప్పురవ్వలు లేస్తాయి, ముఖం ఒక్కసారి ఎర్రబడుతుంది. మరుక్షణం వంగి, ఎవరిదో స్కూలు యూనిఫారం మీద పెట్టెను మెత్తగా నడిపిస్తాడు. నిప్పు ఊదే ఆయననూ, వంగిన ఆయననూ బొమ్మలో ఒకే బండి వెనక నిలబెట్టాను. మొదటిసారి కవలపిల్లల్లా వచ్చారు. రెండోసారి మధ్యలో స్తంభం పెట్టాను, బొమ్మ రెండు ముక్కలైంది. మళ్ళీ ఎగ్మూరు బస్సెక్కాను. అప్పుడు కనిపించింది: జనమే వంతెన. భయంతో వెనక్కి వాలినవాళ్ళ మీదుగా కన్ను జారి, చేతులు జోడించినవాళ్ళ దగ్గర ఆగుతుంది. మూడోసారి బండి మీద మడతపెట్టిన బట్టల దొంతరలు వేశాను. ఎరుపు వెలుగు పడ్డ దొంతరతో మొదలై, ఒక్కొక్కటీ చల్లబడుతూ అవతలి మనిషి దాకా వెళ్తాయి. ఇంకా పూర్తి కాలేదు. బొమ్మలో ఎడమ చెయ్యి చెడింది. కానీ ఆయన చూసి, ‘‘రెండు చోట్లా నేనే కదా సార్, మరి కూలి ఒక్కరికే వస్తోందేమిటి?’’ అన్నాడు. నాకు అంతకంటే ఏమి కావాలి?

నువ్వు అటక మీద పడేసిన గోదావరి రేవు బొమ్మ ఉందే, అది దించి ఒక ఫోటో పంపు. అందులో నీళ్ళ మీద వెలుగు ఎక్కడ వదిలేశావో నాకు కావాలి, ఒక పొద్దుటి కాఫీకి సరిపోతుంది. లేదా సంక్రాంతి లోపు నువ్వే వచ్చెయ్. వరండాలో ఇద్దరికీ చోటుంది. మీ చెల్లెలు గోంగూర తెమ్మంది. శుక్రవారం పెట్టుకుని మాత్రం రాకు, ఆ రోజు మ్యూజియానికి సెలవు.

నీ
బావ