పచ్చికకు నీళ్లు పెట్టేవారికి

అందరికీ నమస్కారం. ఎండలు ముదిరాయి. మన విశాఖకు నీరిచ్చే మేఘాద్రిగెడ్డ, రైవాడ జలాశయాల నీరు ముందు తాగడానికి, ఆ తరువాతే మన పచ్చికకు.

రోజూ పైపైన చిలకరించడం మానండి. తడి పైపొరలోనే ఆగితే వేళ్లూ అక్కడే ఆగిపోతాయి. ఒక్క పూట తప్పినా గడ్డి వాడుతుంది. వారానికి రెండుసార్లు, మొత్తం సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు చాలు. స్ప్రింక్లర్ ఉన్నవారు అక్కడక్కడా ఖాళీ డబ్బాలు పెట్టి స్కేలుతో కొలవండి. ఏ మూలకు నీరు అందడం లేదో తేలిపోతుంది. సముద్రం దగ్గరి ఇసుక నేలలకు అదే నీటిని మూడు విడతలుగా ఇవ్వాలి. కొండవాలు స్థలాల్లో సగం పెట్టి, అరగంట ఆగి మిగతాది పెట్టండి, లేకపోతే అంతా రోడ్డు పాలే.

తెల్లవారుజామే మంచి వేళ. పొద్దెక్కాక సముద్రపు గాలి తుంపరలను పక్కింటి గోడకు చేరుస్తుంది (వారికి ఉచిత సేవ!). రాత్రంతా ఆకులు తడిగా ఉంటే తెగులు పట్టవచ్చు.

నడిచిన అడుగులు గడ్డిపై అలాగే నిలిచిపోతే నీళ్లకు వేళైనట్టే. మరీ పొట్టిగా కత్తిరించకండి. బియ్యం కడిగిన నీళ్లు పోయవచ్చు, బట్టలుతికిన సబ్బునీళ్లు వద్దు. కొత్తగా వేసేవారికి నా ఓటు గరికకే.