నడుముకేసి కాదు, చేతులకేసి చూడు

చిరంజీవి సింధూకి,

టెక్సాస్‌లో మీ డెంటన్‌లో సరుకుల కొట్లో బిల్లు లైనులో నీ ముందున్నాయన బెల్టుకి పిస్టల్ వేలాడుతుంటే ఒక్కరూ తల తిప్పి చూడలేదనీ, నీకే కాళ్లు వణికాయనీ అన్నావు. ఆ మాటలోనే రూమ్మేట్ ఆదివారం షూటింగ్ రేంజికి రమ్మంటోందనీ చెప్పావు. ముందు రెండోదానికి జవాబు: వెళ్లొద్దు.

ఎఫ్-1 వీసా, అంటే నీలాంటి విద్యార్థి వీసా, మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. అది లేకుండా రేంజిలో అద్దె పిస్టల్ పది నిమిషాలు పట్టుకున్నా దగ్గర ఉన్నట్టే లెక్క కట్టొచ్చు. శిక్ష 15 ఏళ్ల దాకా పడుతుంది, వీసా సంగతి సరేసరి. "అందరూ వెళ్తున్నారు" అన్న మాట కోర్టులో పనికిరాదమ్మా.

వేట లైసెన్సు తీసుకుంటే సరిపోతుంది కదా అంటావేమో. లైసెన్సు కాగితమే, చేతికొచ్చే నేర్పు కాదు. 2024లో అట్లాంటాలో మన తెలుగు కుర్రాడొకడు అలా కొన్న తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి ప్రాణం పోయింది. ఆర్మరీలో, అంటే ఆయుధాలు దాచే చోట, పనిచేసినవాళ్లకి తెలుసు, పిస్టల్‌తో తప్పు జరిగేది ఎక్కువగా వరసలోనే. ముందు మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, తియ్యాలి. ఆ తర్వాతే స్లైడు (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి పట్టి, ఛాంబర్లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, చూసి, వేలుపెట్టి తడమాలి. కంగారులో ముందు స్లైడు లాగారనుకో, లోపలి తూటా బయట పడుతుంది. వదలగానే మ్యాగజైన్లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుంటారు. పైగా గ్లాక్ లాంటి పిస్టళ్లు విప్పాలంటే ట్రిగర్ నొక్కాలి. అక్కడ పేలుతుంది.

ఇక ఆ బెల్టు పెద్దమనిషి. ఆయన చేసింది టెక్సాస్‌లో నేరం కాదు. 2016 జనవరి 1 నుంచి లైసెన్సుతోనూ, 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి వేరే అనర్హతలేవీ లేకపోతే లైసెన్సు లేకుండానూ హ్యాండ్‌గన్ బయటికి కనబడేలా పెట్టుకోవచ్చు. హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, మాత్రం ఉండాలి. రైఫిల్‌కైతే అంతకుముందు కూడా లైసెన్సు అక్కర్లేదు! మన దగ్గర లైసెన్సున్నా రైఫిల్‌కి కవరు లేకుండా బజార్లోకి తేకూడదు, ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించమంటారు. నీకు వింతగా ఉండడంలో వింతేం లేదు. ఇల్లినాయ్‌లో ఇలా తగిలించుకు తిరగడం కుదరదు, కాబట్టి చికాగో వెళ్లినప్పుడు ఇదే కొలత వాడకు.

దుకాణం తలుపు దగ్గర 30.07 అన్న అంకెతో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ పెద్దక్షరాల బోర్డుంటే, లైసెన్సున్నవాళ్లు కూడా కనబడేలా తుపాకీ తేకూడదని. 30.06 ఉంటే లైసెన్సున్నా దాచుకుని తేకూడదు. బార్ల దగ్గర ఎర్రగా 51% అని ఉంటే అసలే తేకూడదు. మీ క్యాంపస్‌లో లైసెన్సున్నవాళ్లు దాచుకుని తెచ్చుకోవచ్చు గానీ బయటికి కనబడకూడదు. అక్కడ పోలీసు కాని మనిషి దగ్గర తుపాకీ కనిపిస్తే 911కి చెయ్యి.

ఏం చెప్పాలో కూడా ముఖ్యమే. ముందు చోటు, తర్వాత తుపాకీ హోల్‌స్టర్‌లో ఉందా చేతిలో ఉందా, తర్వాత బట్టలు. చూసింది చూసినంతే చెప్పు, ఊహ కలపకు. 2014లో ఒహాయోలో ఒక వాల్‌మార్ట్‌లో, అక్కడే అమ్మే గాలి తుపాకీ చేత్తో పట్టుకున్న 22 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి, ఎవరో చేసిన ఫోన్ విని వచ్చిన పోలీసులు కాల్చి చంపారు. ఒహాయో కూడా బాహాటంగా తుపాకీ తిప్పడాన్ని ఒప్పుకున్న రాష్ట్రమే. చట్టం అందరి ఒంటిమీదా ఒకేలా పనిచెయ్యదు. మన రంగూ గుర్తుంచుకో.

తుపాకీ కనబడితే దొంగ జడుస్తాడని అక్కడ ఒక వాదం. కనబడేవాడికే మొదటి తూటా, వెనకనించి లాక్కోవడమూ తేలికే అని రెండోది. నా ఓటు రెండోదానికే. పోలీసుల హోల్‌స్టర్‌కి బొటనవేలితో నొక్కితే గానీ వదలని మీట ఉంటుంది. చవకరకం గుడ్డ హోల్‌స్టర్‌కి అదీ ఉండదు, పైగా తిరిగి పెట్టేటప్పుడు అంచు మడతపడి ట్రిగర్లో ఇరుక్కుంటుంది. 2016 జులై 7న డాలస్ ఊరేగింపులో ఇరవై ముప్పై మంది రైఫిళ్లు తగిలించుకుని నడిచారు. కాల్పులు మొదలై అయిదుగురు పోలీసులు చనిపోయారు. ఆ గందరగోళంలో ఏ పాపం తెలియని ఒకాయన ఫొటోని అనుమానితుడంటూ పోలీసులే ట్విటర్లో పెట్టారు. మంచివాడెవడో చెడ్డవాడెవడో ఎలా తెలుస్తుందని అప్పటి పోలీస్ చీఫ్ డేవిడ్ బ్రౌనే అన్నారు.

2023 మేలో మీకు దగ్గర్లోని ఆలెన్ మాల్లో పోయిన ఎనిమిది మందిలో మన తెలుగమ్మాయి ఒకరు. కాబట్టి కాళ్లు వణికాయని సిగ్గుపడకు. తుపాకీ కనిపించగానే చేతులకేసి చూడు. సంచీ మీదో ఫోన్ మీదో ఉంటే నీ పని చూసుకుని లైను మారు. మాట కలపకు, ఫొటో తియ్యకు. చెయ్యి పిడి మీదికి పోయినా, తుపాకీ హోల్‌స్టర్ దాటినా, బుట్ట అక్కడే వదిలేసి వెనక గుమ్మంవైపు నడు. కొట్లోకి వెళ్లగానే ఆ గుమ్మం ఎక్కడుందో చూసుకో.

రూమ్మేట్ కారు గ్లోవ్ బాక్స్‌లో తుపాకీ ఉంటుందా అని ఈ రాత్రే అడుగు. ఉంటే రేపట్నుంచి బస్సు. ఆదివారం రానని కూడా ఇప్పుడే చెప్పెయ్, తను స్లాటు బుక్ చెయ్యకముందే.

నాన్న